పాత చిరునామా వదిలేసి కొత్త లింకులు కొంటారా?

ప్రశ్న: అయ్యా, మాది విశాఖపట్నం. నేనూ మా ఆడపడుచూ కలిసి నాలుగేళ్లుగా ఏటికొప్పాక లక్క బొమ్మలు వెబ్‌సైట్ ద్వారా అమ్ముతున్నాం. ఊళ్లో ఏడు కుటుంబాల దగ్గర నేరుగా తీసుకుంటాం. రంగులన్నీ చెట్ల నుంచి తీసినవే. మొదట్లో మాకు కొత్త కొనుగోలుదారులు చాలావరకు గూగుల్ ద్వారానే వచ్చేవారు. గత ఏడాది దుకాణం పేరు మార్చి, కొత్త డొమైన్ (వెబ్ చిరునామా) తీసుకుని, సైటంతా మళ్లీ చేయించాం. అప్పటి నుంచి ఎక్కడో మూడో పేజీలో కనిపిస్తున్నాం. పాత డొమైన్ గడువు వచ్చే నెలతో తీరిపోతుంది. ఎలాగూ వాడటం లేదు కాబట్టి వదిలేద్దామనుకుంటున్నాం. సైటు చేసిన అబ్బాయి ‘మీకు అథారిటీ లేదు, లింకులు కావాలి’ అంటున్నాడు. ఒక ఏజెన్సీ వాళ్లు 15,000 రూపాయలకు 500 బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మా సైటుకు వచ్చే లింకులు), అన్నీ డొమైన్ అథారిటీ అనే మార్కు 40 దాటిన సైట్ల నుంచి, నెల రోజుల్లో ఇప్పిస్తామంటున్నారు. అప్పట్లో మా గురించి ఒక పత్రికలో రాశారు. ఇద్దరు ముగ్గురు తల్లులు తమ బ్లాగుల్లో రాశారు. మూడు బడులు మా దగ్గరే బొమ్మలు కొంటాయి. అయినా ఇప్పుడు ఫలితం లేదు. ఆ 15,000 పెట్టమంటారా?
ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అసలు విషయం చివరి ప్రశ్నలో లేదు. మధ్యలో, ఏదో మాటవరసకు చెప్పినట్టు రాసిన రెండు వాక్యాల్లో ఉంది: పేరు మార్చారు, పాత డొమైన్ వదిలేద్దామనుకుంటున్నారు. ఈ జవాబులో మిగతాదంతా తీరికగా చదువుకోవచ్చు. ముందు ఆ పాత డొమైన్‌ను రెన్యూ చేయించండి. ఒక్క ఏడాదికి కాదు, కుదిరితే ఐదేళ్లకు. ఏడాదికి వెయ్యి రూపాయలు, కాస్త అటూ ఇటూగా అవుతుంది.

ఎందుకంటే, పత్రిక వాళ్లు రాసిన వ్యాసంలో ఉన్న లింకు ఏ చిరునామాకు వెళుతోంది? పాతదానికి. ఆ తల్లుల బ్లాగుల్లో ఉన్నది? పాతదే. బడుల సైట్లలో ఎక్కడైనా మీ పేరు ఉంటే అదీ పాతదే. ఇన్నాళ్లలో మీరు అడగకుండానే వచ్చిన మంచిమాటలన్నీ ఆ గుమ్మం ముందు నిలబడి ఉన్నాయి. మీరేమో ఇల్లు మారిపోయి, కనీసం తలుపు మీద కాగితమైనా అంటించలేదు. ఇప్పుడు ఆ ఇల్లు కూడా వదిలేస్తామంటున్నారు. కొత్త వీధిలో మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టడం లేదంటే గుర్తుపట్టరు మరి.

వదిలేస్తే ఏమవుతుందో కూడా చెబుతాను. గడువు తీరిన డొమైన్లను కనిపెట్టి కొనేసే వ్యాపారం ఒకటి ఉంది. పత్రికల నుంచి, బడుల నుంచి లింకులున్న పాత పేరు వాళ్లకు బంగారం. దాన్ని కొని, అందులో జూదం ఆటల పేజీలు, అప్పులిచ్చే యాప్‌ల పేజీలు పెట్టి, ఆ పాత పరపతిని తమ వైపు మళ్లించుకుంటారు. ఈ తంతుకు గూగుల్ 2024 మార్చిలో ప్రకటించిన నిబంధనల్లో ప్రత్యేకంగా పేరే పెట్టింది, గడువు తీరిన డొమైన్ల దుర్వినియోగం అని. నిషేధించినంత మాత్రాన ఆగిపోతుందా? మీకు 500 లింకులు ఇస్తామంటున్న ఏజెన్సీ చేతిలోని సైట్లలో కొన్ని ఇలా ఎవరో వదిలేసిన పేర్లే అయినా నేను ఆశ్చర్యపోను. అంటే రేపు ఇంకెవరికో అమ్మే లింకుల్లో మీ పాత పేరు కూడా ఒకటి కావచ్చు. పిల్లల బొమ్మల దుకాణం పేరు మీద పేకాట పేజీ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

రెన్యూ చేయించాక రెండో పని. పాత సైటులోని ప్రతి పేజీనీ కొత్త సైటులో దానికి సరిపోయే పేజీకి రీడైరెక్ట్ చేయించండి, అంటే మళ్లించమనండి. దీనికి 301 అనే సంకేతం వాడతారు. ‘ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చోటికి మారింది’ అని దానికి అర్థం. మీ సైటు చేసిన అబ్బాయికి ఆ అంకె చెబితే చాలు. ఇక్కడ చాలామంది ఒక బద్ధకం చేస్తారు. పాత పేజీలన్నింటినీ గంపగుత్తగా కొత్త హోం పేజీకి మళ్లిస్తారు. బుడతల బండి బొమ్మ పేజీ కోసం వచ్చిన మనిషిని దుకాణం గుమ్మం దగ్గర వదిలేస్తే అతను వెతుక్కోడు, వెళ్లిపోతాడు. గూగుల్ కూడా అలాంటి మళ్లింపును చాలాసార్లు ‘పేజీ లేదు’ అన్నట్టే లెక్కవేస్తుంది. బండి బొమ్మ పేజీని బండి బొమ్మ పేజీకే మళ్లించాలి. పాత పేజీల చిరునామాలు ఇప్పుడు ఎవరి దగ్గరా లేకపోతే పాత వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో మీ పాత పేరు కొట్టి చూడండి. చాలావరకు దొరుకుతాయి. ఆ తర్వాత, సైటు యజమానుల కోసం గూగుల్ నడిపే సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు తెలియజేసే సదుపాయం ఉంది, దాన్ని వాడండి. మళ్లింపులను కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. నేను మాత్రం మీ దుకాణం ఉన్నన్నాళ్లూ ఉంచమంటాను. పత్రిక వాళ్లు పాత వ్యాసాలను తిరిగి దిద్దరు కదా.

ఇప్పుడు 15,000 సంగతి. ఐదు వందల లింకులకు పదిహేను వేలంటే ఒక్కోటి ముప్పై రూపాయలు. ముప్పై రూపాయలకు మీ గురించి మంచిమాట చెప్పేవాడు, రేపు ఇంకో ముప్పై ఇస్తే మీ ఎదుటివాడి గురించీ అదే మాట చెబుతాడు. ఇది తెలుసుకోవడానికి కంప్యూటర్ శాస్త్రం అక్కర్లేదు. పిల్లకు సంబంధం చూస్తున్నప్పుడు మనం ఏం చేస్తాం? పెళ్లిళ్ల పేరయ్య చెప్పిందంతా వింటాం, కాఫీ ఇస్తాం, పంపిస్తాం. ఆ తర్వాత ఆ ఊళ్లో మనకు తెలిసిన మాస్టారికో, బ్యాంకులో పనిచేసే దూరపు బంధువుకో ఫోను చేసి అసలు సంగతి కనుక్కుంటాం. మాస్టారి ఒక్క మాట పేరయ్య గంట ప్రసంగం కంటే బరువైనది. గూగుల్ పుట్టింది సరిగ్గా ఈ ఆలోచన మీదే.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు 1998లో పేజ్‌ర్యాంక్ అనే లెక్కను వివరిస్తూ పరిశోధన పత్రం వెలువరించారు. ఆ పేరులో ఉన్నది వెబ్ పేజీ అనుకుంటారు చాలామంది. అది లారీ పేజ్ ఇంటిపేరు. పరిశోధన పత్రాల లోకంలో ఒక పత్రాన్ని ఎంతమంది ఉటంకించారన్నదాన్ని బట్టి దాని విలువ కడతారు. వాళ్లు అదే పద్ధతిని వెబ్ మీద పెట్టారు, ఒక మెలికతో. ఎంతమంది చూపించారన్నది ఒక్కటే చాలదు, చూపించినవాళ్లను ఎంతమంది చూపిస్తున్నారో అది కూడా లెక్కే. అంటే పరపతి ఉన్నవాడి మాటకే పరపతి. ఇంకో సంగతి, ఒక పేజీ తన పరపతిని తాను చూపించే పేజీలన్నింటికీ పంచుతుంది. పది మందిని చూపిస్తే పది వాటాలు, వెయ్యి మందిని చూపిస్తే వెయ్యి వాటాలు. లింకులు అమ్ముకునే సైటు ఒక్కో పేజీలో ఎన్ని దుకాణాలను చూపిస్తుందో చూస్తే మీ వాటా ఎంతో తెలిసిపోతుంది. గూగుల్ ఇప్పుడు ఈ ఒక్క లెక్క మీదే నడవడం లేదు. వందల రకాల సంకేతాలు చూస్తుంది. లింకుల విలువ మాత్రం పోలేదు. ఏ లింకు ఎందుకు పెట్టారో కనిపెట్టే తెలివి పెరిగింది.

డొమైన్ అథారిటీ 40 అంటే ఏమిటో కూడా తేల్చుకుందాం. అది గూగుల్ ఇచ్చిన మార్కు కాదు. మోజ్ అనే సంస్థ తన సొంత అంచనాతో 1 నుంచి 100 వరకు వేసే అంకె. ఎహ్రెఫ్స్ అనే మరో సంస్థకు డొమైన్ రేటింగ్ అని ఇంకో అంకె ఉంది. రెండూ పనికొచ్చేవే, రెండు సైట్లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి. గూగుల్ మాత్రం వాటిని చూడదు. ఒకప్పుడు గూగుల్ తన లెక్కలో వచ్చిన అంకెను పదికి ఇంత అని బయటికి చూపించేది. ఆ అంకె పట్టుకుని లింకుల బజారు పుట్టింది. 2016లో దాన్ని బయటికి చూపించడం మానేసింది. బజారు మానలేదు, వేరే అంకె పట్టుకుంది. పైగా ఈ అంకెలను పెంచే చిట్కాలు అమ్మేవాళ్లకు బాగా తెలుసు.

నేను ఇంత ఘాటుగా ఎందుకు మాట్లాడుతున్నానంటే నా చెయ్యి ఒకసారి కాలింది. 2011లో ఒక చిన్న హోటల్ సైటు బాగోగులు నేను చూసేవాణ్ణి. ఒక ఏజెన్సీ మాట నమ్మి లింకులు కొనిపించాను. మొదటి నాలుగు నెలలూ పండగే. మొదటి పేజీలో మూడో స్థానం. లింకులు కొంటే అస్సలు పనిచేయవని చెప్పేవాళ్లను నమ్మకండి, కొంతకాలం పనిచేస్తాయి. అదే వాటిలోని ప్రమాదం. 2012 ఏప్రిల్ 24న గూగుల్, ఇలాంటి లింకులతో పైకొచ్చిన సైట్లను కిందికి దించే పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. వారం తిరిగేసరికి ఆ హోటల్ గూగుల్‌లో దాదాపు మాయమైంది. తర్వాత ఎనిమిది నెలలు నా పని ఏమిటంటే, ఆ లింకులున్న సైట్లవాళ్లకు ఒక్కొక్కరికీ మెయిల్ రాసి, బాబూ దాన్ని తీసేయండి అని బతిమాలడం. కొందరు తీయడానికీ డబ్బు అడిగారు! పెట్టడానికి ఒకసారి, తీయడానికి ఒకసారి. ఆ హోటల్ యజమాని పెద్దమనిషి, నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

పెద్దవాళ్లకూ తప్పలేదు. అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ దుస్తుల నుంచి దుప్పట్ల దాకా ఏది వెతికినా పైనే వస్తుండటం చూసి న్యూయార్క్ టైమ్స్ ఆరా తీసింది. సంబంధం లేని వేల పేజీల్లో ఆ సంస్థకు లింకులున్నాయని 2011 ఫిబ్రవరిలో బయటపెట్టింది. గూగుల్ ఆ సంస్థను కిందికి దించేసింది. నాకు మరింత నచ్చే ఉదంతం 2012 జనవరిది. గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్ ప్రచారం కోసం డబ్బిచ్చి రాయించిన రాతల్లో లింకు దొర్లిందని తెలిసి, తన సొంత క్రోమ్ పేజీనే కనీసం 60 రోజులపాటు వెనక్కి నెట్టేసుకుంది.

ఇప్పటి పరిస్థితి కొంచెం వేరు. 2016 సెప్టెంబర్ నుంచి పెంగ్విన్ గూగుల్ అసలు లెక్కలో కలిసిపోయింది. చెత్త లింకులకు శిక్ష వేయడం కంటే వాటిని లెక్కలోంచి తీసేయడమే ఎక్కువ. కాబట్టి మీరు 15,000 పెడితే ఎక్కువగా జరిగేది ఏమీ జరగకపోవడమే. డబ్బు పోతుంది, అంతే. కానీ గూగుల్ సిబ్బంది ఎవరైనా చూసి చేత్తో చర్య తీసుకునే పద్ధతి ఇంకా ఉంది. ఆ పని జరిగితే సెర్చ్ కన్సోల్‌లో మీకు కబురు వస్తుంది. బయటపడటానికి నెలలు పడుతుంది. పోయే అవకాశం ఇంత, వచ్చే అవకాశం అంత అని బేరీజు వేస్తే నాకు ఇందులో బేరమే కనబడటం లేదు.

ఇక్కడే ఇంకో భయం తీర్చేస్తాను. సెర్చ్ కన్సోల్‌లో లింకుల నివేదిక తెరిస్తే మీరెప్పుడూ వినని విదేశీ సైట్ల పేర్లు కొన్ని కనిపిస్తాయి. ప్రతి సైటుకూ అలాంటివి వచ్చి పడుతుంటాయి. వాటిని చూసి ఎవరో కుట్ర చేశారనుకోవద్దు. ఆ లింకులు మావి కావని చెప్పుకునే డిసావో సదుపాయం 2012 అక్టోబర్ నుంచి ఉంది. కానీ చేత్తో తీసుకున్న చర్య లేనప్పుడు దాని జోలికి వెళ్లకండి. పొరపాటున మంచి లింకులనే కాదనుకున్నవాళ్లను చూశాను.

సరే, కొనవద్దు. మరి ఎలా రావాలి?

లింకులంటే ముక్కూ మొహం తెలియని వాళ్లకు వందల మెయిళ్లు పంపడమే అనుకుంటారు. నేను ఎవరికైనా చెప్పేది, మీ గురించి ఇప్పటికే తెలిసినవాళ్ల దగ్గర మొదలుపెట్టమని. మీ ఉత్తరంలోనే చూడండి. మూడు బడులు మీ దగ్గర బొమ్మలు కొంటున్నాయి. ఆ బడుల సైట్లలో తరగతి గది గురించి, ఆట వస్తువుల గురించి పేజీ ఉండే ఉంటుంది. ‘మా పిల్లలు ఆడుకునే చెక్క బొమ్మలు ఏటికొప్పాక నుంచి వస్తాయి’ అని ఒక వాక్యం, అందులో మీ లింకు. వాళ్లకు అది తల్లిదండ్రులకు గర్వంగా చెప్పుకునే మాట, మీకు ఊళ్లో మాస్టారి మాట. మీరు ఏ హస్తకళల ప్రదర్శనలో స్టాలు పెట్టారో ఆ నిర్వాహకుల సైటులో పాల్గొన్నవారి జాబితా ఉంటుంది. అందులో మీ పేరుందా, లింకుందా? మీ బొమ్మలు పెట్టుకుని అమ్మే కానుకల దుకాణాలేమైనా ఉన్నాయా? ఇలాంటివి కూర్చుని రాస్తే ఇరవై దాకా తేలతాయని నా అంచనా.

గూగుల్‌లో మీ పాత పేరు, కొత్త పేరు, మీ ఇద్దరి పేర్లు వెతికి చూడండి. మీ గురించి రాసి లింకు పెట్టనివాళ్లు, పాత లింకు పెట్టినవాళ్లు ఇద్దరూ తేలతారు. వాళ్లకు రాసే మెయిల్ చిన్నదిగా, మనిషి రాసినట్టుగా ఉండాలి. ఉదాహరణకు ఆ బ్లాగు రాసిన తల్లికి ఇలా రాయవచ్చు:

‘నమస్కారమండీ. మా లక్క బొమ్మల గురించి మీరు రాసింది చదివి ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఫోను చేస్తుంటారు. మీ పాప ఇప్పుడు పెద్దదై ఉంటుంది. గత ఏడాది మా దుకాణం పేరు మారింది. మీ వ్యాసంలోని పాత చిరునామా బదులు కింది చిరునామా పెట్టగలిగితే చదివినవాళ్లు దారి తప్పకుండా ఉంటారు. వీలు కాకపోయినా ఫరవాలేదు. మీరు రాసినందుకు మా ఏడు కుటుంబాల తరఫునా కృతజ్ఞతలు.’

అంతకంటే ఏమీ వద్దు. లింకు మీద ఫలానా మాటలే ఉండాలని అడగవద్దు. ‘ఏటికొప్పాక బొమ్మలు కొనండి తక్కువ ధర’ అని అందరూ ఒకే మాటతో లింకు ఇస్తే అది అచ్చం కొన్నట్టే ఉంటుంది. ఎవరికి తోచినట్టు వాళ్లు రాయడమే సహజం. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒకసారి గుర్తుచేయండి. మూడోసారి వద్దు, అది పీడించడం అవుతుంది.

తెలిసినవాళ్ల వంతు అయ్యాక తెలియనివాళ్లు. తెలియనివాళ్లు మీ దుకాణం పేజీకి లింకు ఎందుకు ఇస్తారు? ఇవ్వరు. ధర, ‘కార్టులో వేయండి’ అన్న బటన్ ఉన్న పేజీని ఎవరూ ఎవరికీ చూపించరు. చదివితే ఏదైనా తెలిసే పేజీని చూపిస్తారు. మీ దగ్గర ఇతరులకు లేనిది ఒకటుంది. ఏడు కుటుంబాల ఇళ్లలోకి మీకు ప్రవేశం ఉంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను ఎలా ఎంచుతారు, ఎన్నాళ్లు ఆరబెడతారు, తిరిగే కర్ర మీద లక్క ముద్ద ఆనిస్తే ఆ వేడికి రంగు ఎలా పట్టుకుంటుంది, గింజల నుంచి, బెరడు నుంచి, వేళ్ల నుంచి ఏ రంగు ఎలా తీస్తారు అన్నది ఫొటోలతో, పనివాళ్ల మాటలతో రాసిన పేజీ తెలుగులో ఎన్ని ఉన్నాయో వెతికి చూడండి. నాలుగు వాక్యాల్లో తేల్చేసిన వార్తలే ఎక్కువ దొరుకుతాయి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. సహజ రంగులకు మళ్లీ ప్రాణం పోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. ఇలాంటి సందర్భం వచ్చిన ప్రతిసారీ విలేకరులు, విద్యార్థులు సమాచారం కోసం వెతుకుతారు. వాళ్లకు దొరికే మంచి పేజీ మీదైతే లింకు దానంతట అదే వస్తుంది.

ఇంకా గట్టి పేజీ ఒకటి చెబుతాను. ఇది మీలాంటివాళ్లే రాయగలరు. చేతితో చేసిన చెక్క బొమ్మకు ఐఎస్‌ఐ గుర్తు ఉండాలా, అక్కర్లేదా? కేంద్రం 2020లో తెచ్చిన బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి అయింది. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మేవాటికి, భౌగోళిక గుర్తింపును వాడుకునే హక్కు నమోదు చేసుకున్నవారి ఉత్పత్తులకు మినహాయింపు ఇచ్చారు. ఈ సంగతి కొనే తల్లులకు తెలియదు, అమ్మే చిన్న దుకాణాలకు తెలియదు, కొన్ని బడులకూ తెలియదు. ఉత్తర్వు, దాని సవరణ దగ్గర పెట్టుకుని, మీ ఏడు కుటుంబాల్లో ఎవరికి ఏ నమోదు ఉందో కనుక్కుని, తేలిక తెలుగులో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ రాయండి. కొండపల్లి వాళ్లు, నిర్మల్ వాళ్లు, కర్ణాటకలో చన్నపట్న వాళ్లు కూడా మీ పేజీనే చూపించుకుంటారు. పోటీదారులు కూడా లింకు ఇచ్చే పేజీ కంటే మంచి పేజీ ఏముంటుంది?

పండగల సంగతి మరవకండి. బొమ్మల కొలువు కొందరు దసరాకు, కొందరు సంక్రాంతికి పెడతారు. మెట్లు ఎన్ని, ఏ మెట్టు మీద ఏ బొమ్మ, చిన్న అపార్ట్‌మెంట్‌లో ఎలా సర్దుకోవాలి అని చెప్పే పేజీ పండగకు రెండు నెలల ముందే సైటులో ఉండాలి. పండగ వారంలో పెడితే గూగుల్ దాన్ని పట్టించుకునేసరికి కొలువు ఎత్తేస్తారు. విదేశాల్లో పిల్లలకు వారాంతాల్లో తెలుగు నేర్పే బడులు చాలా ఉన్నాయి. వాళ్లకు ఎప్పుడూ పాఠానికి బొమ్మలు, రంగులు వేసుకునే కాగితాలు కావాలి. మీ బొమ్మల రేఖాచిత్రాలు, కింద తెలుగు పేర్లతో, ఉచితంగా అచ్చు వేసుకునేలా పెట్టి, ఆ బడుల నిర్వాహకులకు ఒక మెయిల్ రాయండి. అమ్మకం మాట ఎత్తవద్దు. అక్కడి తల్లిదండ్రులే మీ దుకాణం దాకా వెతుక్కుంటూ వస్తారు.

సైటు చేసిన అబ్బాయి వికీపీడియాలో మీ లింకు పెడతానంటే వారించండి. 2007 నుంచి అక్కడి బయటి లింకులన్నీ నోఫాలో గుర్తుతో ఉంటాయి. ఈ లింకును సిఫారసుగా లెక్కించవద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు అది. కామెంట్లలో చెత్త లింకుల బెడద ఆపడానికి 2005లో పుట్టింది. పైగా సొంత దుకాణం లింకు మనమే పెట్టుకోవడం అక్కడి మర్యాద కాదు, తీసేస్తారు. దానికి బదులు మీ దగ్గరున్న మంచి ఫొటోలు కొన్నింటిని వికీపీడియాకు ఫొటోల భాండాగారం లాంటి వికీమీడియా కామన్స్‌లో, పేరు వేయాలన్న షరతున్న స్వేచ్ఛా లైసెన్సుతో పెట్టండి. వాటిని వాడుకునే పత్రికలు, పుస్తకాలు మీ పేరు వేయాలి. కొందరు లింకూ ఇస్తారు.

యూట్యూబ్ చేసేవాళ్లకు, బ్లాగర్లకు ఉచితంగా బొమ్మలు పంపి రాయించుకోవచ్చా అని మీరు తప్పక అడుగుతారు. పంపవచ్చు. కానీ వస్తువిచ్చినా డబ్బిచ్చినా గూగుల్ దృష్టిలో ఒకటే. ఆ లింకుకు స్పాన్సర్డ్ అన్న గుర్తు పెట్టమని వాళ్లకు మీరే చెప్పండి. 2019లో వచ్చింది ఆ గుర్తు. పరపతి రాదు, మనుషులు వస్తారు. దుకాణానికి కావలసింది వాళ్లే కదా. మీరు నాకు లింకిస్తే నేను మీకిస్తానన్న ఒప్పందాలు ఒకటి రెండు సహజంగా జరిగితే తప్పులేదు, దాన్నే పద్ధతిగా పెట్టుకోకూడదు. ఇతరుల సైట్లలో అతిథి వ్యాసాలు రాయడం గురించీ నా మాట అదే. పిల్లల పెంపకం పత్రికలో సహజ రంగుల మీద నిజంగా ఒక వ్యాసం రాస్తే మంచిదే, లింకు కోసం ఒకే వ్యాసాన్ని ముప్పై చోట్ల అతికిస్తే మళ్లీ పేరయ్య దగ్గరికి వెళ్లినట్టే.

ఎన్నాళ్లు పడుతుంది? పాత డొమైన్ మళ్లింపుల ఫలితం నా అనుభవంలో కొన్ని వారాల్లో తెలియడం మొదలవుతుంది. మీరు ఏడాది ఆలస్యం చేశారు కాబట్టి పోయినదంతా తిరిగి వస్తుందని హామీ ఇవ్వను. కొత్త పేజీలకు ఆరు నెలలు ఓపిక పట్టండి. నెలకు రెండు మూడు మంచి లింకులు వస్తే మీ స్థాయి దుకాణానికి అది గొప్ప రాబడి. లెక్క పెట్టుకోవాలంటే లింకుల అంకె కాకుండా, ఏ లింకు ద్వారా ఎంతమంది వచ్చారు, వాళ్లలో ఎవరైనా కొన్నారా అన్నది చూడండి.

ఆ 15,000 ఖర్చు పెట్టాలనే ఉంటే, ఒక మంచి ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని ఏటికొప్పాకలో రెండు రోజులు ఉండి రండి. లక్క కరిగేటప్పుడు, రంగు పట్టేటప్పుడు, అమ్మమ్మ వయసు చేతులు చెక్కకు నునుపు తెచ్చేటప్పుడు ఫొటోలు తీయించండి. పనివాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రికార్డు చేయండి. మిగిలిన డబ్బు ఆ రెండు రోజులూ పని ఆపి మీకు చూపించినవాళ్ల కూలికి ఇవ్వండి.

ఏజెన్సీ వాళ్లకు వెంటనే కాదనకండి. ‘మీ 500 సైట్లలో ఏవైనా ఐదింటి పేర్లు ముందు పంపండి, చూసి చెబుతాం’ అని రాయండి. చాలామంది పంపరు. పంపితే ఆ ఐదూ తెరిచి చదవండి. ఒకే పేజీలో బొమ్మలు, మోకాళ్ల నొప్పులు, క్రికెట్ పందేలు, ప్యాకర్స్ అండ్ మూవర్స్ కలిసి ఉన్నాయేమో చూడండి. రాసినవారి పేరు ఉందా, ఆ పేరు గల మనిషి ఎక్కడైనా ఉన్నారా అని చూడండి. ఆ ఐదింటిలో ఒక్కదాన్నయినా, పిల్లకు బొమ్మ కొనాలనుకునే ఒక్క తల్లయినా చదువుతుందని మీకు అనిపిస్తే, దాని పేరు నాకు రాసి పంపండి. నేనూ చదువుతాను.